ఎవరి అడవి? ఎవరి సాహసం?

ఆడవాళ్ళు ఒంటరిగానో, స్నేహితురాళ్ళతోనో దేశాలు తిరిగి రావడం, వచ్చాక దాని గురించి రాయడం ఈ పదిహేను, ఇరవై ఏళ్ళలో మన దగ్గర బాగా పెరిగింది. సంతోషించాల్సిన విషయమే. మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్ళొచ్చిన పోతం జానకమ్మ పుస్తకం 1876లో అచ్చయింది. అప్పటి నుంచి చూసుకుంటే తెలుగు స్త్రీల ప్రయాణ రచన చాలా దూరమే వచ్చింది. కానీ ఈ మధ్య ఈ రచనల్లో ఒక కొత్త పాయ కనిపిస్తోంది. ఆఫ్రికా అడవికి వెళ్ళడం, గుడారంలో పడుకోవడం, రాత్రి సింహం అరుపు వినడం, తెల్లారేసరికి 'నన్ను నేను కనుక్కున్నాను' అని ప్రకటించడం. వాక్యాలు మారతాయి, ఫోటోలు మారతాయి, ముగింపు మాత్రం మారదు. భయాన్ని జయించిన స్త్రీ. విముక్తి పొందిన స్త్రీ.

నా తగువు ఈ ముగింపుతోనే.

ముందే ఒక మాట చెప్పాలి. నేనూ వెళ్ళాను. 2024 సంక్రాంతి సెలవుల్లో నలుగురు స్నేహితురాళ్ళం కలిసి ఎనిమిది రోజులు టాంజానియాలో క్యాంపింగ్ చేశాం. నారాయణగూడలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవడం దగ్గర్నుంచి అన్నీ మేమే చూసుకున్నాం. పండగ పూట ఇల్లు విడిచి, మొగుళ్ళనీ పిల్లల్నీ విడిచి (నా విషయంలో అమ్మానాన్నల్ని విడిచి) ఇదేం తిరుగుడు అని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. పండగకి అరిసెలు వండకుండా జిరాఫీలని చూడ్డానికి వెళ్ళే హక్కు స్త్రీకి ఉందా లేదా అన్న చర్చలో నేను పాల్గొనను. ఉంది. అంతే. వెళ్ళినందుకు నాకే పశ్చాత్తాపమూ లేదు. తరంగిరేలో ఏనుగుల గుంపు పిల్లల్ని మధ్యలో పెట్టుకుని ఏరు దాటడం, సెరెంగెటిలో నేల అంచు దాకా ఒక్క గోడ కూడా లేకుండా దిగివచ్చిన ఆకాశం... ఇవి చూసిన కళ్ళు నావేనా అనిపించింది. ఆనందం అబద్ధం కాదు.

అబద్ధం ఎక్కడుందంటే, ఆ ఆనందానికి మనం పెడుతున్న పేరులో ఉంది. దాన్ని మనం సాహసం అంటున్నాం. స్వేచ్ఛ అంటున్నాం. ఒక్కోసారి స్త్రీవాదం అని కూడా అంటున్నాం.

ఆ ఎనిమిది రోజుల్లో పని చేసిందెవరు? డ్రైవరూ గైడూ ఒకరే, ఇంకొకరు వంట మనిషి. ఇద్దరూ మగవాళ్ళే. గుడారాలు వాళ్ళు వేశారు, వాళ్ళు విప్పారు. నీళ్ళు వాళ్ళు తెచ్చారు. మేం అడవి నుంచి తిరిగొచ్చేసరికి వేడి సూపు పెట్టి ఎదురుచూశారు. మేం పడుకున్నాక గిన్నెలు తోమారు, మేం లేవకముందే టీ కాచారు. స్వాహిలీలో 'దాదా' అంటే అక్క. నోరారా దాదా, దాదా అని పిలిచారు. జీవితమంతా ఇంట్లో ఆ పని చేసే ఆడవాళ్ళకి వారం రోజుల పాటు ఇంకెవరో చేసిపెట్టడం హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఇంటిపని గురించి నలభై ఏళ్ళుగా రాస్తున్నవాళ్ళం మనం. 'కనిపించని శ్రమ' అన్న మాట మన దగ్గర అరిగిపోయేంతగా వాడాం. ఆ శ్రమ గుడారం పక్కన, నల్లటి చేతులతో, మన కళ్ళ ముందే జరుగుతుంటే మన వ్యాసాల్లో ఎందుకు కనిపించదు? ఎన్ని సింహాలు చూశామో లెక్క ఉంటుంది. వంటతనికి రోజుకెంత ఇస్తారో ఉండదు.

1830-31లో కాశీ యాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా గుడారాలు వేసుకుంటూనే వెళ్ళాడు. దాదాపు 100 మంది పరివారం, పల్లకీ మోసే బోయీలు. అది ఒక ఉద్యోగి, ఒక పెద్దమనిషి ప్రయాణం అని ఆయన దాచుకోలేదు. తన వెంట నడిచినవాళ్ళ ప్రస్తావనలు ఆ పుస్తకంలో ఉన్నాయి. రెండు వందల ఏళ్ళ తర్వాత మన రచనల్లో మోసేవాళ్ళు మాయమైపోయి, నేనొక్కదాన్నే అడవిని గెలిచాను అన్న కథ మిగిలింది. ఇది ముందడుగా?

సఫారీ అన్న మాటనే చూడండి. అరబ్బీ 'సఫర్' నుంచి స్వాహిలీలోకి వెళ్ళిన మాట. మన హైదరాబాదు ఉర్దూలో ఉన్న సఫర్ కూడా అదే. ప్రయాణం అని అర్థం. దానికి జంతువుల వేట అనే అర్థం అంటించింది తెల్లవాళ్ళు. 1909-10లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వందల మంది కూలీలతో తూర్పు ఆఫ్రికాలో వేటకి వెళ్ళాడు. ఆయనా, ఆయన కొడుకూ కలిసి చంపినవి 512. ఇప్పుడు తుపాకి స్థానంలో కెమెరా వచ్చింది, నిజమే. కానీ భాష అలాగే ఉండిపోయింది. జంతువుల్ని చూడ్డానికి వెళ్ళడం 'గేమ్ డ్రైవ్'. 'గేమ్' అంటే వేటాడే జంతువు. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న - ఈ 'బిగ్ ఫైవ్' జాబితా వేటగాళ్ళది. కాలినడకన వేటాడటానికి అన్నిటికంటే ప్రమాదకరమైనవని వాళ్ళు వేసుకున్న లెక్క. ఆ జాబితాలో టిక్కులు పెట్టుకుంటూ తిరిగే మనం ఏ కొత్త చూపుతో చూస్తున్నట్టు? మగవాడి చూపు గురించి ఇన్ని సెమినార్లు పెట్టిన మనకి, వేటగాడి చూపు మన కళ్ళలోకి ఎప్పుడొచ్చిందో ఎందుకు తెలియలేదు?

ఇక 'మనిషి అడుగు పడని ప్రకృతి' అన్న మాట. మన రచనల్లో ఇది తప్పకుండా ఉంటుంది. సెరెంగెటి అన్న పేరే మసాయిల భాషలో అంతులేని మైదానం అన్న అర్థమున్న మాట నుంచి వచ్చిందని చెప్తారు. అడుగు పడని చోటికి పేరెవరు పెట్టారు? 1951లో అది నేషనల్ పార్కు అయింది. 1958లో మసాయి పెద్దలు కొందరితో బ్రిటిష్ ప్రభుత్వం ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకుని సెరెంగెటి ఖాళీ చేయించింది. బదులుగా 1959లో ఏర్పడిన న్గోరోన్‌గోరో సంరక్షణ ప్రాంతంలో పశువులతో సహా బతకొచ్చని మాటిచ్చింది. ఆ కాలంలోనే బెర్న్‌హార్డ్ గ్రిమెక్ అనే జర్మన్ జంతు శాస్త్రవేత్త సెరెంగెటి చావకూడదు అంటూ ఒక పుస్తకం రాశాడు, సినిమా తీశాడు. దానికి ఆస్కార్ వచ్చింది. పార్కులో పశువుల కాపర్లకి చోటుండకూడదన్నది ఆయన వాదం. ప్రపంచమంతా చూసింది. మనుషుల్లేని ఆ మైదానమే ప్రకృతి అని నమ్మింది. మనమూ నమ్మాం.

అంతకుముందు కథ ఇంకా ఘోరం. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాను తుడిచిపెట్టింది. వలస సైన్యాల వెంట వచ్చిన పశువులతో అది ఆ ఖండంలోకి అడుగుపెట్టింది. మందలు పోయాక కరువు, మశూచి. మసాయిలు ఆ కాలాన్ని 'ఎముతాయ్' అంటారు. తుడిచిపెట్టుకుపోవడం అని. 1892లో న్గోరోన్‌గోరో బిలాన్ని చూసిన మొదటి యూరోపియన్ ఆస్కార్ బౌమన్. ఆ రోజుల్లో అతను రాసినవాటిలో ఎముకల గూళ్ళలా మిగిలిన మసాయి స్త్రీలున్నారు, ఆకలితో పిచ్చెక్కిన వాళ్ళ కళ్ళున్నాయి. ఆ బిలం యూరప్ పుస్తకాల్లోకి ఎక్కిన సమయానికి అక్కడున్నది అందమైన శూన్యం కాదు, ఆకలితో చస్తున్న ఆడవాళ్ళు. మనం గుండె ఉప్పొంగి చూసే వైల్డ్‌బీస్ట్ మందలు కూడా అనాదిగా అంతే సంఖ్యలో లేవు. 1960ల మొదట్లో రెండున్నర లక్షలుండేవి. పశువులకి టీకాలు వేసి రిండర్‌పెస్ట్‌ని ఆ ప్రాంతంలో అదుపు చేశాక, 1970ల చివరికి పది లక్షలు దాటాయి. అంటే మసాయిల ఆవులకి వేసిన సూదికీ, మన ఫోటోలోని మందకీ సంబంధం ఉంది. ఇది కాలానికి అతీతమైన దృశ్యం కాదు, చరిత్ర.

సాహిత్యం చదువుకున్నవాళ్ళం కనుక ఇంకో మాట. ఆఫ్రికాలో తనను తాను కనుక్కున్న స్త్రీ అన్న కథ మనం కనిపెట్టింది కాదు. కారెన్ బ్లిక్సెన్ 1937లో 'అవుట్ ఆఫ్ ఆఫ్రికా' రాసింది. 1985లో దాన్ని సినిమా తీస్తే ఏడు ఆస్కార్లు వచ్చాయి. న్గాంగ్ కొండల కింద కాఫీ తోట, స్వతంత్రంగా దాన్ని నడిపిన స్త్రీ. మేం ఎం.ఏ.లో ఎంత మురిసిపోయి చదివామో! కానీ ఆ తోటలో కికుయూలు తమ నేల మీదే కౌలుకూలీలు. 1918 చట్టం ప్రకారం తెల్లవాళ్ళ పొలంలో నివసించే ఆఫ్రికన్లు ఏడాదికి కనీసం 180 రోజులు ఆ యజమానికి పనిచేయాలి. ఆమె స్వేచ్ఛకి పునాది ఆ 180 రోజులు. పశ్చిమ ఆఫ్రికాలో ఒంటరిగా తిరిగి 1897లో పుస్తకం వేసిన మేరీ కింగ్స్‌లీని ఎంత ధైర్యవంతురాలని మెచ్చుకుంటాం! ఆమె స్త్రీల ఓటు హక్కుని వ్యతిరేకించింది. స్త్రీ తిరిగినంత మాత్రాన అది స్త్రీవాద ప్రయాణం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మేరీ లూయీ ప్రాట్ 'ఇంపీరియల్ ఐస్' 1992లో వచ్చింది. మన యూనివర్సిటీల్లో దాన్ని పాఠం చెప్తాం, పరీక్షల్లో ప్రశ్న ఇస్తాం. సెలవుల్లో సూట్‌కేసు సర్దుకునేటప్పుడు మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్తాం.

ఇప్పుడు మసాయి స్త్రీల దగ్గరికి వస్తాను. సఫారీ ప్యాకేజీల్లో చాలావాటిలో 'సాంస్కృతిక బోమా' అని ఒక గంట ఉంటుంది. తలకింత అని డబ్బు కట్టాలి. ఎర్ర దుప్పట్లు కప్పుకున్న యువకులు ఎగురుతారు, స్త్రీలు పాడతారు, తర్వాత పూసల దండలు అమ్ముతారు. ఆ ఇళ్ళు కట్టేది స్త్రీలే. కర్రలు పాతి, మట్టీ పేడా కలిపి మెత్తుతారు. ఆ ఇల్లు ఆమెది. పాల మీద అధికారమూ ఆమెదే. డొరతీ హాడ్గ్‌సన్ అనే పరిశోధకురాలు 2001లో వేసిన పుస్తకంలో చూపించిందేమిటంటే, వలస ప్రభుత్వం మసాయి అంటే మగ యోధుడు అని తీర్మానించి, పశువుల మీద హక్కుల్ని, పన్నుల్ని, సంతని మగవాళ్ళ పేరు మీద రాసింది. స్త్రీలకి పశువుల మీద ఉన్న హక్కులు అలా సన్నగిల్లాయి. పర్యాటక పోస్టరు మీద ఈటె పట్టుకుని నిలబడ్డ మగాడి బొమ్మ వెనక ఇంత కథ ఉంది.

నేను మాట్లాడిన ఒక పెద్దావిడ, గైడు అనువదిస్తుంటే, మీ ఊళ్ళో ఆవులున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. పాలెవరివి అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మన డెయిరీ సంఘాల్లో పాలు పితికేది ఎవరు, పాస్‌పుస్తకం ఎవరి పేరు మీద ఉంటుంది అన్నది గుర్తొచ్చి. అంత సూటి ప్రశ్న ఏ సెమినార్లోనూ నన్నెవరూ అడగలేదు. మాతో వచ్చిన స్నేహితురాలు మాత్రం జీపెక్కాక, పాపం, బాల్య వివాహాలు, బహుభార్యాత్వం, ఏం బతుకులో అంది. నిజంగానే ఆ సమస్యలున్నాయి. వాటి మీద వాళ్ళ పోరాటమూ ఉంది. లోలియోండో ప్రాంతంలో 1997లో మసాయి స్త్రీలు పాస్టోరల్ విమెన్స్ కౌన్సిల్ పెట్టుకుని ఆడపిల్లల చదువు కోసం, భూమి మీద స్త్రీల హక్కు కోసం పనిచేస్తున్నారు. 2010లో అక్కడి స్త్రీలు వందల సంఖ్యలో కదిలి, తమ భూమిని లాక్కుంటున్న ప్రభుత్వ పార్టీ సభ్యత్వ కార్డుల్ని వెనక్కి ఇచ్చేయడానికి వెళ్ళారు. వాళ్ళకి కావల్సింది మన జాలి కాదు. పశ్చిమ దేశాల స్త్రీవాదులు మనల్ని ఇలాగే చూస్తారని చంద్రా తల్పడే మొహంతి రాస్తే చప్పట్లు కొట్టాం. అదే చూపుని వీసా వేయించుకుని ఆఫ్రికాకి మోసుకెళ్ళడం న్యాయమా?

ఈ లోపల అక్కడ ఏం జరుగుతోంది? 2022 జూన్‌లో లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమి చుట్టూ ప్రభుత్వం హద్దురాళ్ళు పాతింది. అడ్డుపడ్డ జనం మీద కాల్పులు జరిగాయి. ఒక పోలీసు చనిపోయాడు, ఎంతోమంది మసాయిలు గాయపడ్డారు, వేలమంది సరిహద్దు దాటి కెన్యాలోకి వెళ్ళారు. అదే నెలలో న్గోరోన్‌గోరో నుంచి కుటుంబాల్ని దాదాపు 600 కిలోమీటర్ల దూరంలోని మ్సొమెరాకి తరలించడం మొదలైంది. స్వచ్ఛందం అంది ప్రభుత్వం. ఆసుపత్రికీ బడికీ నిధులు ఆపేసి ఇష్టమైతే వెళ్ళండి అంటే అది స్వచ్ఛందమా అని మసాయిలు అడుగుతున్నారు. 2024 ఆగస్టులో, మేం తిరిగొచ్చిన ఏడు నెలలకి, వేలమంది మసాయిలు పర్యాటకుల జీపులు వెళ్ళే రోడ్డు మీదకొచ్చి నిలబడ్డారు. ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఊళ్ళ గుర్తింపునీ, ఓటునీ తీసేయకండి అన్నదే వాళ్ళ గొడవ. ఆ రోడ్డు మీద ఆగిపోయిన జీపుల్లో కూర్చున్నవాళ్ళ సెలవు పాడైంది. ఆ సెలవు గురించి రాసేటప్పుడు, ఎదురుగా నిలబడ్డ స్త్రీ ఆటంకమా, కథానాయికా?

ఇది ఆఫ్రికా సంగతి కదా, మనకెందుకు అనొచ్చు. నల్లమలలో చెంచు పెంటల్ని అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుంచి బయటికి పంపే మాటలు ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉన్నాయి. కవ్వాల్‌లో రాంపూర్, మైసంపేట గూడేల్ని ఖాళీ చేయించారు. 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నా సరే. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో పనిచేస్తున్న ఒక యువతిని పులి చంపింది. ఆమె పత్తి ఏరడానికి వెళ్ళింది, సాహసానికి కాదు. పార్వతీపురం మన్యంలో, కుప్పం పలమనేరు వైపు, ఏనుగులొస్తాయని రాత్రుళ్ళు చేలకి కాపలా కాసేవాళ్ళున్నారు. సెరెంగెటిలో మా గుడారం బయట హైనాలు తిరుగుతాయనీ, రాత్రి బయటికి రావద్దనీ చెప్పినప్పుడు మేం నవ్వుకుంటూ టార్చిలైటు పట్టుకుని తోడు వెళ్ళాం. చీకట్లో బయటికెళ్ళడానికి భయపడటం మన పల్లెల్లో లక్షలాది ఆడవాళ్ళకి రోజువారీ బతుకు. మేం దాన్ని డాలర్లు పెట్టి వారం రోజులకి కొనుక్కున్నాం. ఒకే మృగం ఒకామెకి ఫోటో, ఇంకొకామెకి చావు. ఈ తేడా పేరు ధైర్యం కాదు. దీని పేరు వర్గం, కులం, పాస్‌పోర్టు.

మూడు అభ్యంతరాలు నాకు తెలుసు. మగవాళ్ళు వందేళ్ళుగా తిరుగుతుంటే ఎవరూ అడగలేదు, ఆడవాళ్ళు అడుగు బయటపెట్టగానే ఈ లెక్కలా అంటారు. మగవాళ్ళనీ అడగాల్సిందే. కానీ వాళ్ళు తమ సఫారీని పురుష విముక్తి అనడం లేదు. మనం స్త్రీవాదం పేరు వాడుకుంటున్నాం కనుక, ఆ పేరు కోసం దెబ్బలు తిన్నవాళ్ళకి జవాబుదారీ మనం.

పర్యాటకం ఆగితే వాళ్ళే పస్తులుంటారు అంటారు. పర్యాటకం టాంజానియాకి పెద్ద ఆదాయమన్నది నిజం. మేం వెళ్ళినప్పుడు ఒక జీపు న్గోరోన్‌గోరో బిలంలోకి దిగడానికే పన్ను కాక 250 డాలర్లు. ఆ డబ్బు ఎవరికి చేరుతోంది అన్నది ప్రశ్న. బోమాలో పూసలమ్మే స్త్రీ చేతికి ఎంత చేరుతుందో అడగని ప్రయాణికురాలు, వాళ్ళ కడుపు నింపుతున్నానని చెప్పుకోకూడదు.

పార్కులు లేకపోతే జంతువులుండవు అంటారు. బిలం అడుగున మసాయిలు 1970ల దాకా ఇళ్ళు కట్టుకుని పశువుల్ని మేపారు. అక్కడి జంతువులు వాళ్ళున్నా బతికాయి. మామూలుగా అడవి జంతువుల మాంసం తినని మనుషులు వాళ్ళు. జనాభా, పశువులు పెరిగాయని ప్రభుత్వం అంటోంది. బిలం అంచు మీద లాడ్జీలూ పెరిగాయి. వాటిని మ్సొమెరాకి పంపే ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇంట్లో కూర్చోమని నేను ఏ స్త్రీకీ చెప్పడం లేదు. వెళ్ళండి. అప్పు చేసైనా వెళ్ళండి. కానీ రాసేటప్పుడు కొన్ని ప్రశ్నలకి జవాబు రాయండి. ఈ నేల మీద ఇంతకుముందు ఎవరి ఇల్లుండేది? వాళ్ళెప్పుడు వెళ్ళారు, ఎవరు పంపారు? నా గుడారం ఎవరు వేశారు, వాళ్ళకెంత ముట్టింది? నేను ఫోటో తీసిన స్త్రీ నన్నేమడిగింది? ఈ జవాబులు లేని రచనని ప్రయాణ సాహిత్యంగా మన పత్రికలు వేసుకోకూడదని నా అభిప్రాయం. సంపాదకులు కోపం తెచ్చుకున్నా సరే.

సాహసం అన్న మాటని పూర్తిగా వదిలేయమని కూడా అనను. అది మంచి మాట. 2010లో పార్టీ కార్డులు తిప్పి కొట్టిన ఆడవాళ్ళకీ, 2024లో జీపుల ముందు నిలబడ్డ ఆడవాళ్ళకీ, ఈ రాత్రి ఏనుగుల దారిలో చేను కాస్తున్న ఆమెకీ దాన్ని ఇచ్చేద్దాం. మనం చేసొచ్చింది సెలవు. దాన్ని సెలవు అనే పిలుద్దాం.